ఏడు వారాల పాప, రాత్రంతా ఊపిరి చూసుడే. కదలిక మానిటర్ ఏది కొనాలె?

హన్మకొండ_చిట్టితల్లి
పాపకు ఏడు వారాలు. 34 వారాలకే పుట్టింది, అప్పుడు 1.9 కిలోలు. పదకొండు రోజులు గాజుపెట్టెల పెట్టిన్రు. ఇప్పుడు 3.1 కిలోలు ఉన్నది, పాలు మంచిగ తాగుతున్నది, డాక్టరమ్మ చూసి ఏం ఫికర్ వద్దన్నది. అయినా నా కంటి మీద కునుకు లేదు. రాత్రి గంటకోసారి లేచి ముక్కు కాడ వేలు పెట్టి చూస్తున్న. ఒక్కోసారి ఐదారు సెకన్లు ఊపిరే తెలువది, నా పానం పోయినంత పనైతది, మళ్ల గబగబ పీలుస్తది.

ఇంకో సంగతి. పోయిన ఏడాది మా అమ్మగారి వాడల మూడు నెలల బాబు రాత్రి పండుకున్నోడు పొద్దుగాల లేవలే. ఆ తల్లి ఏడుపు ఇంకా నా చెవులల్ల ఉన్నది.

మా మరిది డల్లాస్‌ల ఉంటడు. కదలిక మానిటర్, అంటే పిల్ల కదలిక ఆగితే మోగే మిషన్, పంపిస్త వదినా, ఏది కావాల్నో చెప్పు అన్నడు. పరుపు కింద పెట్టే పలక, డైపర్‌కు పెట్టే క్లిప్పు, కాలికి తొడిగే సాక్సు, మూడు తీర్లు ఉన్నయట. పాప రాత్రి నా పక్కనే మంచం మీద, పగలు తొట్టెల్ల పంటది. ఫ్యాన్ తిరుగుతనే ఉంటది. మా ఆయన హైదరాబాద్‌ల నౌకరి, శనివారం వస్తడు. ఇంట్ల అత్తమ్మ, మామయ్య ఉంటరు. వాడినోళ్లు జెర చెప్పున్రి.

కాజీపేట_జంక్షన్
నువ్వు చెప్పిన రెండు జాగల్ల పలక పని చేయది అక్కా. పక్కన నువ్వు పంటే నీ కదలికనే లెక్క పెడతది. తొట్టెల ఊగుతుంటే ఆ ఊపునే ఊపిరి అనుకుంటది. పలక పెట్టాలంటే పిల్ల ఒక్కతే పండే చిన్న మంచం ఉండాలె, పరుపు కింద గట్టి చెక్క ఉండాలె.

మానుకోట_శ్రీను
ఇవన్నీ భయం మీద చేసే వ్యాపారం. మా అమ్మ ఐదుగురిని పెంచింది, ఏ మిషన్ లేదు. నేను మా ఇద్దరు పిల్లలకు ఏదీ కొనలే. ఆ పైసలు పాప పేరు మీద పోస్టాఫీసుల వెయ్యి చెల్లె.

పరకాల_అక్క
శ్రీను తమ్మీ, ఐదుగురిని పెంచిన అమ్మలు మస్తుమంది ఉన్నరు. ఏడుగురిని కని ఐదుగురిని పెంచిన అమ్మలు కూడ ఉన్నరు, వాళ్లు ఆ ఇద్దరి ముచ్చట ఎవరికీ చెప్పరు. మా అమ్మనే అట్ల. ఆ పిల్ల భయాన్ని కొట్టిపారేయకు.

మానుకోట_శ్రీను
అక్కా, తప్పైంది. ఆ తీరుగ ఆలోచించలే. మిషన్ మీద నా మాట మాత్రం అదే.

భూపాలపల్లి_స్వప్న
నేను క్లిప్పు వాడిన, మా బాబుకు ఐదు నెలలు వచ్చేదాక. డైపర్ అంచుకు పెడితే పొట్ట మీద ఆనుకొని ఉంటది. 15 సెకన్లు కదలిక లేకుంటే మెల్లగ వణుకుతది, ఆ వణుకుకు పిల్లగాడు మెసులుతడు. 20 సెకన్లకు అలారం కొడతది. ఒకనాడు రాత్రి రెండు గంటలకు వణికింది, నేను లేచేసరికి బాబు కదిలిండు. అది లేకుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తది. వైరు లేదు, వైఫై వద్దు, కరెంటు పోయినా ఫికర్ లేదు. నా ఓటు క్లిప్పుకే.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
నేను పలక వాడినోన్ని, నా అనుభవం పూర్తిగ చెప్త. కొంచెం పెద్దగైతది.

నాకు బొగ్గు బాయిల నైట్ షిఫ్ట్. ఇంట్ల మా ఆమె, మూడు నెలల బిడ్డ. నేను లేని రాత్రులు ధైర్యంగ ఉంటదని పలక తెప్పించిన. పెట్టిన మొదటి వారం రోజుకు రెండు మూడుసార్లు ఉత్తగనే మోగింది. బిడ్డ మూలకు జరిగితే మోగుడు, పాలకు ఎత్తుకున్నప్పుడు ఆఫ్ చేసుడు మరిచిపోతే మోగుడు. ఆమె గుండె దడ అంతా ఇంతా కాదు. తర్వాత ఎండలు ముదిరినయి, మా రామగుండం దిక్కు ఎండ మీకెరికే. కూలర్ మంచానికి దగ్గర జరిపినం. అప్పటిసంది అలారం ఒక్కసారి కూడ మోగలే. హమ్మయ్య అనుకున్నం.

ఒకనాడు పొద్దుగాల నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె బిడ్డకు తానం పోస్తున్నది. మంచం ఖాళీ. పలక మీద పచ్చలైటు బుగబుగ కొడుతనే ఉన్నది. అంటే ఖాళీ మంచాన్ని ఊపిరి పీలుస్తున్న బిడ్డ అనుకున్నది! కూలర్ అదురు పరుపుకు తగిలి, దాన్నే లెక్క పెట్టుకుంట వచ్చింది. ఎన్ని రాత్రులు అట్ల నడిచిందో. నేను ఆ మంచం కాడనే కూలబడ్డ.

ఎవరు కొన్నా ముందుగాల ఒక పరీక్ష చేయున్రి. పిల్లను వేరేవాళ్లకు ఇచ్చి, మంచం ఖాళీగ పెట్టి, రాత్రి ఎట్లుంటదో అట్లనే ఫ్యాన్, కూలర్, అన్నీ నడపాలె. పలక ఆన్ చేయాలె. 20 సెకన్లల్ల మోగాలె. మోగకుంటే అది మీ ఇంట్ల పనికిరాదు.

కాజీపేట_జంక్షన్
అన్నా, ఈ పరీక్ష మాట ఒక్కటే చాలు. మా ఇల్లు పట్టాల పక్కన, గూడ్స్ బండి పోతే గ్లాసుల నీళ్లు అదురుతయి. ఇగ పలక ఏం లెక్క పెడతదో.

డల్లాస్_ఓరుగల్లు
సాక్సు గురించి నేను చెప్త, ఇక్కడ మస్తుమంది వాడుతరు. అది కదలికను చూడది. పాదానికి వెలుతురు పంపి గుండె వేగం, నెత్తుట్ల ఆక్సిజన్ చూస్తది. దానికి పేరున్న కంపెనీ ఆవ్లెట్. 2021 అక్టోబర్‌ల ఎఫ్‌డీఏ (అమెరికాల మందులు, వైద్య పరికరాలు చూసే సర్కారు సంస్థ) ఆ కంపెనీకి హెచ్చరిక లేఖ రాసింది: వైద్య పరికరం చేసే పని చేస్తున్నరు, అనుమతి లేదు అని. అమెరికాల అమ్ముడు ఆపిన్రు. 2023 నవంబర్‌ల కొత్త సాక్సుకు అనుమతి వచ్చింది, అది కూడ ఆరోగ్యంగ ఉన్న 1 నుంచి 18 నెలల పిల్లలకే.

2018ల ఫిలడెల్ఫియా పిల్లల దవాఖానోళ్లు అప్పటి రెండు సాక్సులను 30 మంది పిల్లల మీద దవాఖాన మిషన్‌తోని పోల్చి చూసిన్రు. ఒకటి ఆక్సిజన్ తగ్గుడును కొన్నిసార్లు పట్టుకున్నది, కొన్నిసార్లు లేదు. రెండోది అసలే పట్టుకోలే. ఇప్పటివి వాటికంటె మెరుగు కావచ్చు. అయినా మీ మరిదికి మస్తు ఖర్చు, మీకు ఫోనుల రోజుకో అంకె చూసుకునే పని.

పిల్లల_వార్డు_సిస్టర్
వరంగల్‌లో నవజాత శిశువుల వార్డులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. చిట్టితల్లీ, నీ పోస్టులో రెండు విషయాలు నన్ను ఆపేశాయి, మానిటర్ కంటే ముందు అవే చెప్తాను.

మొదటిది, ఆ ఐదారు సెకన్ల ఆగుడు. చంటిపిల్లలు అట్లాగే పీలుస్తారు: కాసేపు గబగబా, తర్వాత ఐదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. భయపడాల్సింది 20 సెకన్లు దాటితే, లేదా అంతకంటే తక్కువే అయినా పెదవులు నీలంగా మారితే, ఒళ్లు వేలాడితే. వీళ్లను ఇంటికి పంపే ముందు ఊపిరి ఆగడం లేదని కొన్ని రోజులు చూసే పంపుతాం. పదకొండు రోజులు అక్కడ ఉంచింది అందుకు కూడా.

రెండోది, పాప రాత్రి నీ మంచం మీద పడుకోవడం. 37 వారాలకు ముందు పుట్టిన బిడ్డ, 2.5 కిలోల కంటే తక్కువతో పుట్టిన బిడ్డ పెద్దవాళ్ల మంచం మీద పడుకోకూడదు. నీ పాప రెండు లెక్కల్లోనూ వస్తుంది. ఇప్పుడు 3.1 ఉన్నా సరే. నువ్వు నిద్ర లేక అలసిపోయి ఉన్నావు, అదే ఇంకా ప్రమాదం. ఒకే గదిలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో, వేరే చిన్న మంచం. కనీసం ఆరు నెలలు. మరిది పంపే డబ్బుల్లో ఆ మంచం కొను.

ఇక మానిటర్. 2001లో అమెరికాలో 1079 మంది పిల్లలను ఇళ్లలో మానిటర్లు పెట్టి చూశారు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లల్లో కూడా నూటికి 43 మందికి అలారం మోగేంతగా ఊపిరి ఆగడమో గుండె నెమ్మదించడమో కనీసం ఒకసారి నమోదైంది. అందుకే అలారం మోగిన ప్రతిసారీ ఒక ప్రాణం నిలిచిందని చెప్పలేం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో మళ్లీ చెప్పింది, నిద్రలో ఆకస్మిక మరణాన్ని తగ్గించడానికి ఇంటి మానిటర్‌ను వాడొద్దని. ఇంకోటి, కదలిక మానిటర్ ఊపిరిని చూడదు, పొట్ట ఛాతీ ఆడటాన్ని చూస్తుంది. ముక్కుకు బొంత అడ్డం పడితే బిడ్డ గాలి కోసం పెనుగులాడుతుంది, ఛాతీ ఆడుతూనే ఉంటుంది, మిషన్‌కు అంతా బాగున్నట్టే.

ప్రాణాలు నిజంగా నిలిపింది ఒకటుంది. 1992లో ఆ అకాడమీ పిల్లలను బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పింది, 1994లో దేశమంతా ప్రచారం చేశారు. ఆ తర్వాత పదేళ్లలోపే అక్కడ ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. వెల్లకిలా పడుకోబెట్టడం, అంతే. పైసా ఖర్చు లేదు.

జనగామ_నానమ్మ
ఎల్లెల్కల పండపెడితే పాలు కక్కి గొంతుల పడవా బిడ్డా? మేమైతే పక్కకు, లేకుంటె బోర్ల పండపెట్టేది. నిద్ర కూడ జోరుగ పోతరు. ఇంక తొట్టెల కూడ వద్దంటరేమో, ఎట్ల? నా నలుగురు పిల్లలు, ఆరుగురు మనుమలు తొట్టెల్లనే పెరిగిన్రు.

పిల్లల_వార్డు_సిస్టర్
అమ్మా, ఈ అనుమానం ప్రతి బాలింత గదిలో వింటాను. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటుంది. కక్కిన పాలు కిందికే జారతాయి, బిడ్డ మింగుతుంది లేదా దగ్గుతుంది. బోర్లా వేస్తే ఇదే తిరగబడుతుంది. పక్కకు పడుకోబెట్టినా చిన్నపిల్లలు బోర్లాకే దొర్లుతారు. ఇక జోరుగా నిద్రపోతారన్నారు కదా, నిజమే, బోర్లా పడుకుంటే తొందరగా మేలుకోరు. ఇబ్బంది వచ్చినప్పుడు మేలుకోవాలి కదా, మాకు భయం అక్కడే.

తొట్టెల వద్దని మీకు చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఇంట్లోనూ ఉంది. పగలు, ఎదురుగా మనిషి కూర్చొని ఊపుతుంటే సరే. చీర తొట్టెలలో నడుం కిందికి దిగి, గడ్డం వచ్చి గుండెకు ఆనుతుంది. మెడ నిలవని బిడ్డకు అప్పుడు గొంతు మూసుకుంటుంది. నిద్రపోయాక తీసి గట్టి పరుపు మీద వెల్లకిలా వేయాలి. రాత్రికి తొట్టెల వద్దు.

జనగామ_నానమ్మ
గడ్డం గుండెకు ఆనుడు నేను కూడ చూసిన. అది నిద్ర మత్తు అనుకునేది. సరే బిడ్డా, పగటికే ఉంచుదాం.

భూపాలపల్లి_స్వప్న
సిస్టర్, అంటే ఆ రాత్రి మా బాబుకు ఏం కాలేదంటరా? నేను ఉత్తగనే భయపడ్డనా?

పిల్లల_వార్డు_సిస్టర్
స్వప్నా, ఏమైందో నువ్వూ నేనూ చెప్పలేం. క్లిప్పు జారి పొట్టకు ఆనకపోయినా వణుకుతుంది, బాబు నిజంగా ఆగినా వణుకుతుంది. నువ్వు లేచి చూడటం ముమ్మాటికీ సరైన పని. మోగిన ప్రతిసారీ లేచి చూడాలి, మోగలేదు కదా అని బోర్లా వేయకూడదు, ఇంతే నేను చెప్పేది.

హన్మకొండ_చిట్టితల్లి
సిస్టర్ పోస్టు నాలుగుసార్లు చదివిన. మంచం మాట నాకు ఎవ్వరూ చెప్పలే. పక్కన ఉంటేనే కాపాడుకుంట అనుకున్న. ఇంకొన్ని అడుగుత. అత్తమ్మ నెత్తి గుండ్రంగ రావాలని ఆవాల దిండు పెడుతున్నది. తానం పోసినాక సాంబ్రాణి పొగ. మెడల దిష్టికి నల్లదారం, తాయెత్తు. వీటిల్ల ఏది ఉంచాలె, ఏది తీయాలె? అత్తమ్మ మనసు నొచ్చుకోకుండ చెప్పాలె, రాత్రి పాపను ఎత్తుకొని తిప్పేది ఆమెనే.

ఆదిలాబాద్_చలి
సాంబ్రాణి కంటె ముందు కుంపటి మాట చెప్తున్న. మా దిక్కు చలి సింగిల్ డిజిట్‌కు పడుతది, బాలెంత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూస్తరు. బొగ్గు కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది, రంగు ఉండది. తల్లీ బిడ్డా ఇద్దరూ నిద్రలనే మత్తుల పడుతరు. ఏ మానిటర్ దాన్ని పసిగట్టది. మా మేనత్త ఇంట్ల ఒకసారి పొద్దుగాల తలుపు పగలగొట్టి తీసినం, దేవుని దయ, బతికిన్రు. చలికాలం వస్తున్నది, ఎవరూ ఆ పని చేయకున్రి.

పిల్లల_వార్డు_సిస్టర్
ఈ కుంపటి మాటను అందరూ ఇంట్లో చదివి వినిపించండి.

చిట్టితల్లీ, ఆవాల దిండు తీసెయ్. మెత్తని దిండు, బొంత, బొమ్మలు, ఏవీ మంచం మీద వద్దు. దోమతెర ఉంటే బిగుతుగా, మొహానికి దూరంగా. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు, నువ్వు చూస్తుండగా, రోజుకు రెండు మూడుసార్లు కాసేపు బోర్లా వెయ్. మెడ బలపడుతుంది, తల వెనక అదుముకుపోదు. అత్తమ్మకు ఆ పని అప్పగించు, సంతోషిస్తుంది.

పొగ ఏదైనా చంటిపిల్ల ఊపిరితిత్తులకు కీడే. సాంబ్రాణి దేవుని గదిలో వేసుకోమను, పాపకు తువ్వాలతో తల తుడిస్తే చాలు. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతారా? నిద్రలో మరణాలకు పెద్ద కారణాల్లో అదొకటి. మెడలో దారం తీసి మొలతాడుకు మార్చు, దిష్టి అక్కడున్నా పోతుంది. తలకు టోపీ బయటికి వెళ్లినప్పుడే. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చెమట తగిలితే ఒక గుడ్డ తగ్గించు.

హన్మకొండ_చిట్టితల్లి
మామయ్య బీడీ తాగుతడు. వాకిట్ల తాగి వచ్చి అదే అంగితోని పాపను ఎత్తుకుంటడు. నేను ఎట్ల చెప్పాలె ఆయనకు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
నేను చెప్త చెల్లె, నేను కూడ తాగేటోన్ని. కోడలు చెప్తే ఆయనకు బాధ, కొడుకు చెప్తే లొల్లి. సిస్టర్ రాసింది చూపించి, డాక్టరమ్మ చెప్పిందని అత్తమ్మతోని చెప్పియ్యి. మా బాపుకు మా అమ్మ చెప్పింది: అంగి మార్చి, చేతులు, మూతి కడిగి ఎత్తుకో, లేకుంటె ఎత్తుకోకు అని. మూడు రోజులు అలిగిండు. నాలుగో రోజు సబ్బు ఆయనే అడిగిండు. మనుమరాలు కావాలె గద.

మానుకోట_శ్రీను
ఒకవేళ నిజంగనే ఊపిరి ఆగితే ఏం చేయాలె సిస్టర్? మిషన్ ఉన్నా లేకున్నా ఆ నిమిషం అందరికీ ఒకటే గద.

పిల్లల_వార్డు_సిస్టర్
ఈ ప్రశ్న అడిగినందుకు నీకు దండం తమ్ముడూ. మిషన్ కొన్నవాళ్లు కూడా ఇది నేర్చుకోరు.

ముందు లైటు వేసి చూడు: ఛాతీ ఆడుతోందా, పెదవుల రంగు ఎట్లుంది. అరికాలిని వేలితో గట్టిగా చరుచు, పేరు పెట్టి పిలువు. ఊపకూడదు, పసి మెదడుకు దెబ్బ. పలకకపోతే, ఊపిరి లేకపోతే ఒకరు 108కు ఫోన్ చేయాలి, ఇంకొకరు గట్టి నేల మీద వెల్లకిలా వేసి మొదలుపెట్టాలి. రెండు చనుమొనలను కలిపే గీతకు కొంచెం కింద, ఛాతీ మధ్య ఎముక మీద, దాదాపు 4 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కాలి. తర్వాత నీ నోటితో బిడ్డ ముక్కు, నోరు రెండూ కలిపి మూసి, ఛాతీ లేచేంత చిన్న ఊపిరి రెండు. మళ్లీ 30. సాయం వచ్చేదాకా ఆపొద్దు. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి చెయ్యి. చదివితే రాదు, మీ పిల్లల డాక్టర్ దగ్గర బొమ్మ మీద ఒక్కసారి చేసి చూపించమనండి.

పగలు కూడా ఒక పని ఉంది. పాప నిద్రలో ఉన్నప్పుడు గడియారం పెట్టుకొని పూర్తి ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టు. రెండు నెలలు నిండేదాకా 60 లేదా పైన, నిండాక 50 లేదా పైన ఉంటే మళ్లీ లెక్కపెట్టు, అప్పుడూ అంతే ఉన్నా, డొక్కలు లోపలికి పోతున్నా దవాఖానకు రా. ఆశ కార్యకర్త 42వ రోజుదాకా వచ్చినప్పుడు చూసేది ఇదే, మళ్లీ మూడో నెలలో వస్తుంది. మధ్యలో నువ్వే ఆశవు.

పరకాల_అక్క
అందరూ పాప గురించి చెప్పిన్రు, నేను తల్లి గురించి చెప్త. చిట్టితల్లీ, గంటకోసారి లేచి ముక్కు కాడ వేలు పెట్టుడు నేను కూడ చేసిన, నా పెద్ద బిడ్డప్పుడు, నాలుగు నెలలు. తర్వాత ఇంక పాప నిద్రపోయినా నాకు రాలే. కళ్లు మూస్తే పాడెనే కనపడేది. పాలు తగ్గినయి. అది తల్లి ప్రేమ అనుకున్నరు అందరూ, నేను కూడ. అది జబ్బు, మందు ఉంది, మాట సాయం ఉంది. మా ఆయన తీసుకపోయి డాక్టర్‌కు చూపిస్తే ఆరు వారాలల్ల మనిషినైన.

ఇప్పుడు 14416 అని మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలి మానస్ నంబర్ ఉంది, 2022 అక్టోబర్‌ల మొదలైంది. ఏ జాము ఫోన్ చేసినా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు లేవు. ఆ బాబు తల్లి ఏడుపు నీ చెవులల్ల ఉన్నదని రాసినవు గద, ఆ ఒక్క మాట వాళ్లకు చెప్పు.

కాజీపేట_జంక్షన్
ఇన్ని చెప్పుకున్నం, పాప బోర్ల పడ్డనాడు మా అందరికీ బచ్చాలు పంపాలె.

జనగామ_నానమ్మ
నేనే చేసి పంపుత. మిషన్ కొన్నా కొనకున్నా.

హన్మకొండ_చిట్టితల్లి
పన్నెండు రోజులైంది, చెప్పిపోదామని వచ్చిన.

మరిదికి మిషన్ వద్దని చెప్పిన. ఆ పైసలతోని కట్టె మంచం చేయించినం, నా మంచానికి ఆనించి పెట్టిన. కొబ్బరిపీచు పరుపు చౌరస్తా కాడ కొలిచి కోయించిన, మంచం అంచుకు, పరుపుకు మధ్య రెండు వేళ్లు కూడ దూరొద్దని పట్టుపట్టి మళ్ల కోయించిన. దిండు పోయింది. నల్లదారం మొలతాడుకు మారింది, అది అత్తమ్మనే కట్టింది. సాంబ్రాణి మీద ఇంక మాట నడుస్తున్నది. మామయ్య అంగి మారుస్తున్నడు. ఇంట్ల అడుగుపెట్టంగనే బిందె కాడికే పోతున్నడు.

రాత్రి పది నుంచి రెండింటిదాక అత్తమ్మ మెలకువతోని ఉంటున్నది, నేను అవతలి అర్రల పంటున్న. మొదటిరోజు పదకొండుసార్లు లేచి వచ్చి చూసిన. నిన్న రెండుసార్లు. 14416కు ఫోన్ చేసిన, ఆమె నలభై నిమిషాలు ఇన్నది, డాక్టర్‌కు చూపించుకోమన్నది, శనివారం మా ఆయనతోని పోతున్న.

నిన్న సిస్టర్ చెప్పినట్టు గడియారం పెట్టుకొని లెక్కపెట్టిన. 44 వచ్చింది.

పిల్లల_వార్డు_సిస్టర్
44 మంచి లెక్క. డాక్టర్ ఏమన్నారో శనివారం వచ్చి రాయి.

సిరిసిల్ల_కొత్తతండ్రి
మాకు వచ్చే నెల డేట్ ఇచ్చిన్రు. అక్కా, ఆ కట్టె మంచం కొలతలు పెడతవా? చువ్వల మధ్య సందు ఎంత పెట్టిచ్చినవ్?

హన్మకొండ_చిట్టితల్లి
పొడుగు నాలుగు ఫీట్లు, వెడల్పు రెండు ఫీట్లు తమ్మీ. చువ్వల మధ్య 6 సెంటీమీటర్లకు మించకుండ పెట్టమన్న, పిల్ల ఒళ్లు జారి తల ఇరుక్కోకుండ. నీ వడ్ల ఆయనకు స్కేలు పెట్టి చూపించు, నోటితోని చెప్తే ఆయన బెత్తెడు పెడతడు.